ఒంటి మీద పొక్కులు, వేలి మీద చక్రాలు: హెచ్‌ఐవీ గురించి ఏది ఎంత చెబుతుంది?

మా వీధిలో జాకెట్లు కుట్టే ఆమె నన్ను అన్నా అని పిలుస్తుంది. అదురూ బెదురూ లేని మనిషి. మొన్న చలికాలంలో ఒక సాయంత్రం మాత్రం మా గేటు దగ్గరే నిలబడి, గొంతు బాగా తగ్గించి అడిగింది. "అన్నా, వేలిముద్రలు చూసి హెచ్‌ఐవీ ఉందో లేదో చెప్తారంట గదా. అది యాడ చేస్తారు?"

ఎవరికమ్మా అని అడిగితే తమ్ముడికని చెప్పింది. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని అతనికి. నాలుగు నెలలుగా మోచేతుల కింద, మోకాళ్ల కింద దురద పొక్కులు. ఒకటి మానేలోపు పక్కన రెండు లేస్తున్నాయి. గోకి గోకి కాళ్లంతా నల్ల మచ్చలు పడ్డాయి. ఇది చాలదన్నట్టు రేషన్ కొట్లో మిషన్ అతని వేలిముద్ర తీసుకోవడం మానేసింది. బొటనవేలు పెట్టినా, చూపుడువేలు పెట్టినా పడలేదు. వెనక వరసలో ఎవరో ఫోన్లో చూసిన వీడియో సంగతి ఎత్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వేలిముద్రలు వేరేగా ఉంటాయని పరిశోధనల్లో తేలిందట. పొక్కులకూ ముద్రకూ అక్కడే ముడి పడిపోయింది. అప్పటినుంచి ఆ పిల్లోడు ఇంట్లోంచి బయటికి రావడం లేదు.

నేను డాక్టర్ని కాదు. ల్యాబ్ టెక్నీషియన్‌గా పాతికేళ్లు రక్తం తీశాను, పరీక్షలు చేశాను. ఆ సాయంత్రం గేటు దగ్గర ఆమెకు అరగంట చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను. ఎందుకంటే ఆ వీడియో ఉత్త గాలికబురు కూడా కాదు. చర్మానికీ హెచ్‌ఐవీకీ నిజంగానే సంబంధం ఉంది. వేలిముద్రల మీద వైద్య పరిశోధన కూడా దాదాపు వందేళ్లుగా నిజంగానే జరుగుతోంది. రెండు నిజం గుడ్డలను పక్కపక్కన పెట్టి ఎవరో కుట్టేశారు, అబద్ధం తయారైంది. ఆ కుట్టు విప్పాలి.

చర్మం సంగతి

హెచ్‌ఐవీ వైరస్ తానే నేరుగా చర్మం మీద కనబడడం చాలా తక్కువ. అలా కనబడేది ముఖ్యంగా మొదట్లోనే. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, మెడ దగ్గర బిళ్లలు కట్టడం, ఛాతీ మీదా వీపు మీదా దద్దుర్లు వస్తాయి. కొన్నాళ్లకు వాటంతట అవే పోతాయి. మన దగ్గర ఆ లక్షణాలతో వెళితే డెంగీకి, టైఫాయిడ్‌కి పరీక్షలు రాస్తారు. అది తప్పు కాదు, మన ఊళ్లలో అవే ఎక్కువ. కానీ హెచ్‌ఐవీ అన్నమాట ఎవరికీ తట్టదు. ఒకవేళ తట్టి మామూలు ర్యాపిడ్ పరీక్ష చేసినా, ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలు, అంటే వైరస్‌కు ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలు, అప్పటికి రక్తంలో తయారై ఉండకపోవచ్చు. అందుకే ఆ తొలి రోజుల్లో నెగెటివ్ వస్తే మూడు నెలలకు మళ్లీ రమ్మంటారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. మనిషి తింటాడు, పనికి పోతాడు, పెళ్లి చేసుకుంటాడు. లోపల మాత్రం సీడీ4 అనే తెల్ల రక్తకణాలు తగ్గుతూ పోతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇవి మైక్రోలీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కంటే దిగిపోతే ఎయిడ్స్ దశ అంటారు. ఒంట్లో కాపలా కాసేవాళ్లు తగ్గినప్పుడు మొదట తలుపు తీసుకొని వచ్చేది బయటి దొంగలు కాదు. ఎప్పటినుంచో మనతోనే ఉండి అణిగిమణిగి ఉన్న ఫంగస్‌లు, వైరస్‌లే రెచ్చిపోతాయి. ఆ రెచ్చిపోవడం చాలాసార్లు మొదట చర్మం మీద, నోట్లో కనబడుతుంది.

సర్పినే తీసుకోండి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక ఆ వైరస్ ఒంట్లోంచి వెళ్లిపోదు, నరాల మొదళ్లలో దాక్కుంటుంది. వయసు మీరాక ఎవరికైనా సర్పిగా బయటపడొచ్చు. నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం మీదికి వస్తుందని మన పెద్దవాళ్లు భయపడేవాళ్లు. మామూలుగా అది ఒక నరం దారి పట్టుకుని ఒంటికి ఒకవైపే వస్తుంది, మధ్యగీత దగ్గర ఆగిపోతుంది. అరవై ఏళ్ల మనిషికి సర్పి వస్తే పెద్ద విశేషం కాదు. పాతికేళ్లవాడికి వచ్చినా, ఒకటికి మించిన నరాల దారిలో పరుచుకున్నా, మానిన కొన్నాళ్లకే మళ్లీ వచ్చినా తెలిసిన డాక్టరు హెచ్‌ఐవీ పరీక్ష రాస్తాడు.

నోటి సంగతి ఇంకా గట్టి గుర్తు. నాలుక మీద, అంగిట్లో పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పూత, గీకితే ఊడివచ్చి కింద ఎర్రగా కనబడడం. చంటిపిల్లల్లో, షుగర్ అదుపులో లేనివాళ్లలో, ఉబ్బసానికి స్టెరాయిడ్ పీల్చేవాళ్లలో ఇది మామూలుగానే వస్తుంది. ఇవేవీ లేని నడివయసు మనిషికి వచ్చి వదలకపోతే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీని లక్షణాలను బట్టి నాలుగు దశలుగా విడదీసింది. సర్పి, దురద పొక్కులు, మొండి చుండ్రు లాంటి పొట్టు, నోటి మూలలు పగలడం, గోళ్ల ఫంగస్ రెండో దశలో ఉంటాయి. వదలని నోటి పూతను మూడో దశలో పెట్టారు.

ఉలిపిరికాయలు విపరీతంగా పెరగడం కూడా ఇలాంటిదే. ఇంకోరకం పొక్కులు ముత్యాల్లా మెరుస్తూ, మధ్యలో సూదితో నొక్కినట్టు చిన్న గుంటతో ఉంటాయి. బడిపిల్లల్లో ఇవి సర్వసాధారణం, ఎవరూ కంగారు పడనక్కర్లేదు. పెద్దవాళ్ల ముఖం మీద గుంపుగా లేస్తే ఆలోచించాలి. వాటితోపాటు జ్వరం, వదలని తలనొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి. మెదడు పొరలకు పాకే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ కూడా చర్మం మీద అచ్చం అలాంటి పొక్కులే వేస్తుంది.

ఇప్పుడు బేతంచెర్ల పిల్లోడి పొక్కుల దగ్గరికి వద్దాం. చేతుల మీద, కాళ్ల మీద రెండువైపులా సమానంగా, విడివిడిగా, విపరీతమైన దురదతో లేచే గట్టి పొక్కులు హెచ్‌ఐవీలో బాగా తెలిసిన లక్షణం. సీడీ4 బాగా తగ్గినవాళ్లలో ఎక్కువగా చూస్తాం. వీటి కారణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఉగాండాలో ఇలాంటి పొక్కులున్న హెచ్‌ఐవీ రోగుల చర్మం ముక్కలు తీసి మైక్రోస్కోప్ కింద చూశారు, 2004లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎక్కువమందిలో కనబడింది పురుగు కుట్టినచోట కనబడే మార్పే. అంటే రోగనిరోధక వ్యవస్థ గతి తప్పడంతో, మనకు పది నిమిషాలు దురదపెట్టి పోయే దోమకాటుకు వాళ్ల చర్మం వారాల తరబడి రగిలిపోతోంది.

ఈ మాట చెప్పగానే ఆమె కళ్లు పెద్దవి చేసింది. "అంటే దోమల వల్ల వస్తుందా అన్నా?" కాదమ్మా, కాదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ఈ మెలిక దగ్గరే చాలామంది దారి తప్పుతారు. దోమ కుట్టడం వల్ల హెచ్‌ఐవీ రాదు. దోమ మనలోకి వదిలేది దాని లాలాజలాన్ని, వేరేవాళ్ల రక్తాన్ని కాదు. దాని కడుపులోకి పోయిన వైరస్ అక్కడ పెరగలేదు, అరిగిపోతుంది. దోమ వైరస్‌ను మోసుకురాదు, వైరస్ ఉన్న ఒంటిమీద దాని కాటు ఎక్కువగా రగులుతుంది, అంతే తేడా. ఈ రకం పొక్కులు హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు చాలామందిలో తగ్గుతాయి. నల్ల మచ్చలు మాత్రం ఇంకొంతకాలం ఉండిపోతాయి.

మచ్చల రంగు గురించి కూడా ఒక మాట. పుస్తకాల్లో, నెట్‌లో దొరికే ఫొటోలు ఎక్కువగా తెల్లతోలువాళ్లవి. అందులో అన్నీ ఎర్రగా కనబడతాయి. మన చామనఛాయ మీద, నల్లటి ఒంటి మీద అవే దద్దుర్లు ముదురు గోధుమరంగులోనో, ఊదారంగులోనో, నల్లగానో కనబడతాయి. ఫొటోలో ఉన్నట్టు లేదు కాబట్టి ఏమీ లేదని ధైర్యం తెచ్చుకోవడం ఎంత పొరపాటో, ఏ మచ్చ చూసినా అదేనని బెంబేలెత్తడం అంతే పొరపాటు.

అసలు మన కర్నూల్లో దురద పొక్కులకు కారణాలు ఎన్ని! ఏప్రిల్ వస్తే చెమటకాయలు లేనివాళ్లెవరు? వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తే అది గజ్జి. పొలంలో మందు కొట్టేవాళ్ల చేతులకు, సిమెంటు కలిపే మేస్త్రీ కాళ్లకు వచ్చేది రాపిడి, రసాయనాల వల్ల వచ్చే చర్మవాపు. బండల పాలిష్ పనిలో పొద్దస్తమానం రాతి బురద నీళ్లలో చేతులూ కాళ్లూ నానుతాయి. ఆ పిల్లోడి పొక్కులకు అది కూడా కారణం కావచ్చు. అందుకే చర్మం తీర్పు చెప్పదు. పరీక్ష చేయించుకోవడానికి ఒక కారణం చూపిస్తుంది, అంతవరకే.

చర్మం అలా కారణం చూపించిన సందర్భం ఒకటి వైద్యచరిత్రలోనే ఉంది. 1981 జూలైలో న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 26 మంది మగవాళ్లలో కపోసి సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ కనబడిందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించింది. చర్మం మీద ఊదారంగు మచ్చలుగా వచ్చే జబ్బు అది. అప్పటికి హెచ్‌ఐవీ అనే పేరే లేదు. ఏదో కొత్తది జరుగుతోందని ప్రపంచానికి అనుమానం తగిలించిన తొలి గుర్తుల్లో చర్మవ్యాధుల డాక్టర్ల దగ్గరికి వచ్చిన ఆ మచ్చలు కూడా ఉన్నాయి. మన దేశంలో ఆ క్యాన్సర్ చాలా అరుదు. ఇక్కడ హెచ్‌ఐవీ బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల రక్త నమూనాల్లో దాన్ని పట్టుకున్నారు.

హెచ్‌ఐవీకి మందులు వాడేవాళ్ల చర్మం మీద వచ్చే మార్పులు ఇంకో లెక్క. పాతకాలంలో ఎక్కువగా వాడిన నెవిరపిన్ అనే హెచ్‌ఐవీ మందుతో, వేరే ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇప్పటికీ వాడే కోట్రైమాక్సజోల్‌తో కొందరికి దద్దుర్లు వస్తాయి. జిడోవుడిన్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు వాడేవాళ్ల గోళ్ల మీద నల్లని చారలు పడడం నేనే చూశాను. దద్దుర్లు వచ్చాయని తమంతట తాము మందు ఆపేయకూడదు, మందులిచ్చిన చోట చూపించాలి. ఒళ్లంతా బొబ్బలెక్కి, నోరూ కళ్లూ పుండ్లు పడితే మాత్రం ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రిలో ఉండాలి.

శంఖాలు, చక్రాలు

చిన్నప్పుడు బడిలో పక్కవాడి చెయ్యి పట్టుకుని వేళ్లమీద చక్రాలెన్ని, శంఖాలెన్ని అని లెక్కపెట్టని వాళ్లుండరు. పది వేళ్లకూ చక్రాలుంటే రాజవుతాడని చెప్పుకునేవాళ్లం. వేలిముద్రల శాస్త్రం మొదలైంది కూడా అక్కడే. మనం చక్రం అనేదాన్ని, శంఖం అనేదాన్ని, అరుదుగా కనబడే విల్లులాంటి వంపును ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో మూడు ప్రధాన రకాలుగా విడదీశాడు. మనుషుల్లో మొత్తం మీద శంఖాలు అరవై శాతానికి పైచిలుకు, చక్రాలు ముప్పై శాతం పైన, వంపులు అయిదు శాతం దాకా ఉంటాయి. 1897లో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో కలకత్తాలో పెట్టారు. దాని వెనక లెక్కల పని చేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లే. పద్ధతికి పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది పడింది.

మీ బొటనవేలిని ఒకసారి వెలుతురులో దగ్గరగా పెట్టుకుని చూడండి. దుక్కి దున్నిన వేరుశనగ చేనులా గట్లూ సాళ్లూ కనబడతాయి. గట్ల మీద వరసగా సూదిమొన అంత రంధ్రాలు, అవి చెమట పోసే రంధ్రాలు. ఈ సేద్యమంతా తల్లి కడుపులోనే అయిపోతుంది. సుమారు పదో వారంలో మొదలై అయిదారు నెలలకల్లా పూర్తవుతుంది. ఆ సమయంలో పిండం వేలికొసల మీద మెత్తటి దిండ్లలాంటి ఉబ్బులుంటాయి. ఉబ్బు ఎత్తుగా ఉన్నప్పుడు గట్లు పడితే చక్రం, బాగా అణిగాక పడితే వంపు వచ్చే అవకాశం ఎక్కువ. 2023లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు మరో సంగతి తేల్చారు. గట్లు వేలి మీద మూడు చోట్ల మొదలై అలల్లా పాకి ఒకదానికొకటి ఎదురవుతాయి. చెరువులో మూడు మూలల నుంచి ఒకేసారి రాళ్లు వేస్తే అలలు ఎక్కడ ఎలా కలుస్తాయో ఎవరు చెప్పగలరు? అందుకే ఒకే పిండం నుంచి పుట్టిన కవలల ముద్రలు కూడా అచ్చుగుద్దినట్టు ఉండవు.

ఇక పుట్టాక ఆ డిజైన్ మారదు. వేలు పెరుగుతుంది, గట్లు వెడల్పవుతాయి, శంఖం మాత్రం చక్రం కాదు.

ఇందులోంచే వైద్య పరిశోధన పుట్టింది. హెరాల్డ్ కమిన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త 1926లో ఈ చదువుకు డెర్మటోగ్లిఫిక్స్ అని పేరు పెట్టాడు. క్రోమోజోమ్ తేడాతో పుట్టుకతోనే వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల చేతుల్లో శంఖాలు ఎక్కువగా ఉండడం, అరచేతిలో అడ్డంగా ఒకే గీత ఉండడం, అరచేతి కింది ముక్కోణపు గుర్తు పైకి జరిగి ఉండడం ఆయన గమనించాడు. క్రోమోజోమ్ పరీక్షలు లేని రోజుల్లో అది డాక్టర్లకు పనికొచ్చే గుర్తు. ఇది అర్థం చేసుకోవడం తేలిక. డౌన్ సిండ్రోమ్ పిండం ఏర్పడిన క్షణం నుంచే ఉంటుంది. గట్లు పడేటప్పటికే ఆ తేడా ఒంట్లో ఉంది కాబట్టి చేతి మీద దాని ముద్ర పడింది.

హెచ్‌ఐవీకి ఈ తర్కం ఎలా సరిపోతుంది? ముప్పై ఏళ్ల వయసులో సోకిన వైరస్, ముప్పై ఏళ్ల కిందట తల్లి కడుపులో గీసిన గీతలను వెనక్కి వెళ్లి ఎలా మారుస్తుంది? మార్చలేదు. తల్లి నుంచి బిడ్డకు సోకే సందర్భంలో కూడా ఎక్కువగా అది నెలలు నిండే రోజుల్లోనో, కాన్పు సమయంలోనో, పాల ద్వారానో జరుగుతుంది. గట్లు పూర్తయ్యేది అంతకంటే చాలా ముందు. తల్లికి మందులు అందితే బిడ్డకు సోకే ప్రమాదం అయిదు శాతం కంటే కిందికి దిగుతుందన్నది కూడా ఇక్కడే చెప్పాలి, ఏమీ చేయకపోతే అది 15 నుంచి 45 శాతం.

మరి హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వేలిముద్రలనూ లేనివాళ్ల ముద్రలనూ పోల్చిన పరిశోధనలు లేవా అంటే, ఉన్నాయి. చిన్నచిన్నవి ఉన్నాయి. వాళ్లు వెతికేది వేరు. ఎవరికి హెచ్‌ఐవీ సులువుగా సోకుతుంది అనేదాంట్లో జన్యువుల పాత్ర ఏమైనా ఉందా, ఉంటే ఆ జన్యువుల జాడ వేలిముద్రల్లో దొరుకుతుందా అని. మొదటి సగం ఊహ కాదు. సీసీఆర్5 అనే జన్యువులో ఒక మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే మామూలు రకం హెచ్‌ఐవీ ఆ మనిషికి సోకడం చాలా కష్టం. ఆ మార్పు ఉత్తర ఐరోపా మూలాలవాళ్లలో కొద్దిమందికి ఉంది, మన దేశంలో బహు అరుదు. రెండో సగం, అంటే అలాంటి జన్యువులకూ వేలిగీతలకూ లంకె ఉందన్నది మాత్రం ఎవరూ నిలబెట్టలేదు.

అయినా తేడా కనబడిందని పత్రాలు ఎలా వస్తాయి? నేను ల్యాబ్‌లో నేర్చుకున్న ఒక లెక్క ఇక్కడ పనికొస్తుంది. పది వేళ్లు, ఒక్కో వేలికి మూడు రకాల ముద్రలు, కలిపి ముప్పై పోలికలు. గీతల సంఖ్య, అరచేతి కోణాలు అదనం. మామూలుగా పరిశోధనల్లో ఇరవైలో ఒకసారి గాలివాటుగా వచ్చేంత తేడా కనబడితే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ముప్పై పోలికలు చేస్తే ఏ సంబంధం లేకపోయినా ఒకటో రెండో అలా తేలుతాయి. ఎడమచేతి ఉంగరపు వేలికి తేడా ఉందని రాసేస్తారు. ఇంకోచోట చేస్తే అది కుడిచేతి చిటికెన వేలవుతుంది. పైగా మగవాళ్లకు ఆడవాళ్లకంటే చక్రాలు కాస్త ఎక్కువ, ప్రాంతాన్ని బట్టీ మనుషుల సమూహాన్ని బట్టీ కూడా చక్రాల శాతం మారుతుంది. రోగుల గుంపులో మగవాళ్లు ఎక్కువుండి, పోల్చే గుంపులో ఆడవాళ్లు ఎక్కువుంటే తేడా వచ్చేది వాళ్ల వల్ల, హెచ్‌ఐవీ వల్ల కాదు.

పోనీ, తేడా నిజమే అనుకుందాం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో వందకు 40 మందికి, లేనివాళ్లలో వందకు 30 మందికి కుడి బొటనవేలి మీద చక్రం ఉందనుకుందాం. 2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.67 శాతం. అంటే వెయ్యిమందిలో సుమారు ఏడుగురు. ఆ ఏడుగురిలో ముగ్గురికి చక్రం ఉంటుంది. మిగతా 993 మందిలో 298 మందికి కూడా చక్రం ఉంటుంది. చక్రం చూసి అనుమానిస్తే 301 మందిని అనుమానించి ముగ్గురిని పట్టుకుంటాం, నలుగురిని వదిలేస్తాం. 298 కుటుంబాల్లో ఊరికే చిచ్చు పెడతాం. టైలర్ ఆమెకు ఇదే లెక్క వేలు మడిచి చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది, రోజూ కొలతలతో పనిచేసే మనిషి కదా.

మిషన్ ఎందుకు తీసుకోలేదు?

ఇక ఆ పిల్లోడి వేలు. మిషన్ చదివేది గట్లకూ సాళ్లకూ మధ్య ఎత్తుపల్లాలను. బేతంచెర్లలో, తాడిపత్రిలో బండలు మోసి, కోసి, నున్నగా రుద్దే చేతుల మీద ఆ గట్లు కూడా అరిగి నున్నబడతాయి. ఇటుక బట్టీలవాళ్లకు, ఇళ్లలో అంట్లు తోమే ఆడవాళ్లకు, ముసలివాళ్లకు ఇదే కథ. వేళ్లకు ఎగ్జిమా ఉన్నా, కొన్ని క్యాన్సర్ మందులు వాడుతున్నా ముద్రలు చెరిగిపోతాయి. గట్ల అచ్చు పైపొరలో లేదు, కిందిపొరలో ఉంది. కాబట్టి పనికి కొన్ని వారాలు విరామమిచ్చి, కొబ్బరినూనె రాసి మెత్తబరిస్తే అవే గీతలు మళ్లీ లేస్తాయి. ఈలోగా కార్డులో ఉన్న ఇంకొకరి ముద్రతో బియ్యం తెచ్చుకోవచ్చు. కష్టపడి అరిగిన వేలిని చూసి జబ్బు అంటగట్టడం విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది.

వైద్య పరిశోధనలో వేలిముద్రలకు పనికొచ్చే చోటు మరొకటి ఉంది. టీకాలు, మందులు పరీక్షించే ట్రయల్స్‌లో ఒకే మనిషి రెండుచోట్ల చేరితే ఫలితాలూ పాడవుతాయి, మనిషికీ ప్రమాదం. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ నివారణ ట్రయల్స్‌లో దాన్ని ఆపడానికి వేలిముద్రలు వాడారు. అక్కడ ముద్ర చెప్పేది ఈ మనిషి ఎవరు అని, ఈ మనిషికి ఏముంది అని కాదు. ఆ వాడకంలోనూ నాకు ఒక భయం ఉంది. పాస్‌వర్డ్ బయటికి పొక్కితే మార్చుకుంటాం, వేలిముద్రను మార్చుకోలేం. దాన్ని హెచ్‌ఐవీ రికార్డుతో కలిపేటప్పుడు తాళం ఎవరి దగ్గరుందో మనిషికి చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి.

ఈ భయం నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒకచోట, వరండాలో జనం మధ్య ఒక గర్భిణి పేరు పిలిచి రిపోర్టు గట్టిగా చదివారు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి పోయింది, మళ్లీ మా దగ్గరికి రాలేదు. ఇప్పుడు దీనికి చట్టం ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. మనిషికి వివరించి ఒప్పుకుంటేనే పరీక్ష చేయాలి. ఫలితం అతని అనుమతి లేకుండా బయటికి చెప్పకూడదు. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు.

పరీక్ష ఎక్కడంటే కర్నూలు బుధవారపేటలోని పెద్దాసుపత్రిలో, అనంతపురం, కడప ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీలు, అంటే హెచ్‌ఐవీ గురించి సలహా చెప్పి పరీక్ష చేసే కేంద్రాలు, ఉన్నాయి, డబ్బు తీసుకోరు. ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. మొదటి పరీక్షలో పాజిటివ్ వచ్చినా దాంతో ముద్ర వేసేయరు. వేర్వేరు రకాల మూడు పరీక్షలు చేసి, అన్నీ ఒకే మాట చెబితేనే పాజిటివ్ అని నిర్ధారిస్తారు. సందేహాలుంటే 1097కి ఫోన్ చేయొచ్చు. మందులు 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా తేలిన వెంటనే మొదలుపెడుతున్నారు. క్రమం తప్పకుండా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు.

మన సీమలో దీని మీద పెద్ద పని జరిగిన చోటు బత్తలపల్లి. విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆసుపత్రిలో హెచ్‌ఐవీతో వచ్చినవాళ్ల వివరాలను ఏళ్ల తరబడి జాగ్రత్తగా నమోదు చేసి అధ్యయనం చేశారు, అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. వాళ్లు పట్టించుకున్న ప్రశ్నల్లో ఒకటి, జనం పరీక్షకు ఎందుకంత ఆలస్యంగా, సీడీ4 అడుగంటాక వస్తున్నారు అని. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు, బెంగుళూరు కూలికి పోయే కుటుంబాలను తలుచుకుంటే కొంత అర్థమవుతుంది. ఊళ్లో ఉండేది ఏడాదిలో సగం రోజులు. ఒంట్లో బాగాలేకపోయినా కూలి పోతుందని ఆగుతారు, పొక్కులకు మెడికల్ షాపులో ఏదో ఆయింట్‌మెంట్ కొనుక్కుంటారు.

ఆ పిల్లోణ్ణి మూడోరోజు నేనే తీసుకుపోయాను. ముందు చర్మం డాక్టరు చూసి, పని వివరాలన్నీ అడిగి, హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోమని మామూలుగా, షుగర్ పరీక్ష రాసినంత మామూలుగా చెప్పాడు. కౌన్సెలర్ గదిలోకి వెళ్లేముందు అతను నా వైపు తిరిగి రెండు చేతులూ చాచి చూపించాడు. వేళ్ల కొసలు గాజులా నున్నగా ఉన్నాయి. "వీటిని చూస్తారా సార్?" అన్నాడు. వీటిని కాదు నాయనా, రక్తం తీసుకుంటారు అన్నాను. అతను తల ఊపి లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది. ఆ గదిలో మాటలు అతనివీ కౌన్సెలర్‌వీ. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.